కృతజ్ఞత అనే గుమ్మం

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో మీ అందరికీ వందనాలు.

దయచేసి బైబిల్‌లో నెహెమ్యా గ్రంథం 8వ అధ్యాయం తీయండి. 10వ వచనం చివరి మాట ఒక్కటే చదువుతాను: "యెహోవాయందు ఆనందించుటవలన మీరు బలమొందుదురు."

ఈ మాట మనలో చాలామందికి కంఠతా వచ్చు. క్యాలెండర్ల మీద చూశాం, ఫోన్లో పొద్దున్నే వచ్చే మెసేజీల్లో చూశాం. అలవాటైపోవడం వల్ల దీని బరువు మనకు తెలియకుండా పోయిందేమోనని నాకనిపిస్తుంది. ఈ మాట మొదట విన్నవాళ్లు ఎవరు? ఆ రోజు వాళ్లు ఏ స్థితిలో ఉన్నారు? కాసేపు వాళ్ల మధ్యకు వెళ్లి నిలబడదాం, రండి.

క్రీస్తు పూర్వం 445 ప్రాంతం. యెరూషలేము గోడలు కూలిపోయి, గుమ్మాలు కాలిపోయి నూట నలభై ఏళ్లు దాటింది. పర్షియా రాజు దగ్గర పనిచేసే యూదుడు నెహెమ్యా వచ్చి జనాన్ని కూడగట్టాడు. 52 రోజుల్లో గోడ కట్టారు. ఎలా కట్టారు? ఒక చేత్తో పని, ఇంకో చేత్తో ఆయుధం. శత్రువులు ఎప్పుడు వచ్చి మీద పడతారో తెలియదు. ఇక 5వ అధ్యాయం చదివితే మనసు తరుక్కుపోతుంది. తిండిగింజల కోసం పొలాలు, ఇళ్లు తాకట్టు పెట్టారు. పన్ను కట్టడానికి అప్పు చేశారు. అప్పు తీర్చలేక కన్నపిల్లల్ని దాసులుగా అప్పగించారు. గోడకు రాళ్లు మోసింది ఇలాంటి తల్లిదండ్రులే.

యూదుల ఆరవ నెల ఏలూలు 25వ తేదీన గోడ పూర్తయింది. వారం తిరక్కుండానే, ఏడవ నెల మొదటి రోజున, అందరూ నీటి గుమ్మం ఎదుట ఉన్న మైదానంలో చేరారు. యాజకుడైన ఎజ్రా కర్రపీఠం మీద నిలబడి ధర్మశాస్త్ర గ్రంథం విప్పాడు. ఉదయం నుంచి మధ్యాహ్నం వరకు చదివాడు. జనం నిలబడే విన్నారు. దేవాలయ సేవ చేసే లేవీయులు వాళ్లకు అర్థమయ్యేలా వివరించి చెప్పారు.

విన్నాక ఏం చేశారు? గోడ పూర్తయిందని కేకలు వేశారా? లేదు. ఏడ్చారు. మగవాళ్లు, ఆడవాళ్లు, వినే వయసున్న పిల్లలు, అందరూ. దేవుడు చెప్పిందేమిటి, మనం బతికిందేమిటి అన్నది ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చింది. గోడ లేచింది గానీ గుండె కూలిపోయింది.

అదిగో, అప్పుడు నెహెమ్యా నోట వచ్చింది ఈ మాట. అప్పటికి వాళ్ల దాస్యమేమీ తీరిపోలేదు, రాజ్యమేమీ చేతికి రాలేదు. అదే నెల 24వ తేదీన వాళ్లు చేసిన ప్రార్థన 9వ అధ్యాయంలో ఉంది. నేడు మేము దాస్యంలో ఉన్నాము, మా భూమి పంట మా మీద ఉన్న రాజులకే పోతోంది, మాకు చాలా శ్రమ కలుగుతోంది అని దేవునితో చెప్పుకుంటారు. అంటే ఇంకా పరాయి రాజుల కిందే ఉన్నారు. అయినా "దుఃఖపడకుడి" అన్నాడు, యెహోవాయందు ఆనందించమన్నాడు. కష్టాలు తీరాక ఆనందిద్దురుగాని అనలేదు. బలం వచ్చాక ఆనందిద్దురుగాని అని కూడా అనలేదు. మనం వరస తిరగేసుకున్నామండీ. ముందు ఆరోగ్యం రావాలి, ముందు ఉద్యోగం రావాలి, ముందు పిల్లలు దారిన పడాలి, అప్పుడు సంతోషిస్తాం అంటాం. ఇక్కడ ఆనందం ముందు వస్తుంది. దాని నుంచి బలం వస్తుంది.

ఇంకొక సంగతి చెప్పాలి. మన తెలుగు బైబిల్లో "బలమొందుదురు" అని ఉన్నచోట హీబ్రూలో ఉన్న మాట "మాఓజ్". ఆ మాటకు కోట, ఆశ్రయం, దుర్గం అనే అర్థాలున్నాయి. కీర్తనల్లో దేవుణ్ణి నా ఆశ్రయదుర్గం అని పిలిచే చోట్ల కూడా ఈ మాట కనిపిస్తుంది. ఇది తెలిసిన రోజు నేను చాలాసేపు ఆ వచనం దగ్గరే ఆగిపోయాను. ఆలోచించండి, 52 రోజులు చేతులు పుండ్లు పడేలా గోడ కట్టినవాళ్లతో, ఆ గోడ పక్కనే నిలబడి, "యెహోవాయందలి ఆనందమే మీకు కోట" అంటున్నాడు! మీరు కట్టిన గోడ మంచిదే. కానీ మీ కన్నీళ్లను, మీ భయాలను అది ఆపలేదు. మీరు తలదాచుకోవాల్సిన కోట వేరే ఉంది.

మరి ఆ కోటలోకి వెళ్లేది ఎలా? 100వ కీర్తనలో ఉంది: "కృతజ్ఞతార్పణలు చెల్లించుచు ఆయన గుమ్మములలో ప్రవేశించుడి." ఆనందం కోట అయితే, దాని గుమ్మం కృతజ్ఞత. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదే. అయితే ఈ గుమ్మం నాకు బైబిల్ స్టడీలో కనబడలేదు. మా ఇంట్లో, మంచం పక్కన కనబడింది.

నాలుగేళ్ల క్రితం మా వారికి పక్షవాతం వచ్చింది. పొద్దున్నే లేచి నాలుగడుగులు వేశారు, అంతే, పడిపోయారు. కుడి చెయ్యి, కుడి కాలు పనిచేయలేదు. నోరు ఒక పక్కకు లాగేసింది. మూడు వారాలు హాస్పిటల్లో ఉన్నాం. అన్నేళ్లుగా ప్రార్థన కూటాలు నడిపించినదాన్ని, ఆ మూడు వారాలూ నాకు ప్రార్థన రాలేదు. "దేవా" అనేదాన్ని. ఆ తర్వాత మాట దొరికేది కాదు. చూడటానికి వచ్చిన ఒక పెద్దాయన నా మొహం చూసి, "విశ్వాసులు ఏడవకూడదమ్మా, స్తుతించాలి" అన్నారు. ప్రేమతోనే అన్నారు, నాకు తెలుసు. కానీ ఆ మాట నా మీద ఇంకో బరువు పెట్టింది. అప్పటిదాకా భర్తకు బాగోలేదన్న బాధ ఒక్కటే ఉండేది. ఆ రోజు నుంచి, నా విశ్వాసం కూడా బాగోలేదేమో అన్న టెన్షన్ తోడైంది.

ఇంటికొచ్చాక ఫిజియోథెరపీ మొదలైంది. చొక్కా గుండీలు ఆయనే పెట్టుకోవాలి, ఎంతసేపు పట్టినా సాయం చేయొద్దు అని థెరపిస్ట్ గట్టిగా చెప్పి వెళ్లాడు. ఒక ఉదయం డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. ఆయన మంచం అంచున కూర్చుని గుండీతో కుస్తీ పడుతున్నారు. కుడి చేతి బొటనవేలు గుండీని కాజా దాకా తోస్తుంది. చూపుడువేలు అందుకునేలోపు జారిపోతుంది. మళ్లీ తోస్తారు. మళ్లీ జారిపోతుంది. నుదుటి మీద చెమట. నేను గడియారం వైపు చూస్తున్నాను, టైమైపోతోంది. "ఏవండీ, ఈ ఒక్కసారికి నేను పెడతానండీ" అంటూ చెయ్యి చాచాను. ఆయన ఎడమ చేత్తో నా చెయ్యి పట్టుకుని ఆపేశారు. చాలాసేపటికి ఆ గుండీ సగం కాజాలోకి దూరింది, ఆగింది, ఇవతలకొచ్చింది. ఒకే ఒక్క గుండీ. ఆయన దాని వైపు తలవంచి చూసుకుని, వంకర పోయిన నోటితో "స్తోత్రం" అన్నారు. ఆ మాట కూడా సరిగ్గా పలకలేదు, "తోత్తం" అన్నట్టు వినిపించింది.

నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. మా పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఆ చేతులు ఎన్ని వేలసార్లు గుండీలు పెట్టుకుని ఉంటాయి! ఒక్కసారైనా మేమిద్దరం దానికి దేవునికి స్తోత్రం చెప్పామా? ఆ రోజు నేను వారాల తర్వాత మొదటిసారి ప్రార్థన చేశాను. పెద్ద ప్రార్థనేం కాదు. "ప్రభువా, గుండీ పెట్టుకున్నారు" అన్నాను. ఆ మాట అన్నాక ఏడుపొచ్చింది. ఆ ఏడుపులో భయం లేదు. అన్ని వారాలూ బయట నిలబడి గోడకు తల కొట్టుకున్నదాన్ని, ఎవరో చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లినట్టుంది.

ఇక్కడ ఒక్క విషయం జాగ్రత్తగా గమనించండి. మా వారు పక్షవాతానికి స్తోత్రం చెప్పలేదు. గుండీకి చెప్పారు. పౌలు థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రికలో "ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి" అన్నాడు. ప్రతి విషయంలోనూ. చీకటి గదిలో ఉన్నప్పుడు చీకటిని పొగడమని కాదు, ఆ గదిలో కూడా దేవుడు నాతో ఉన్నాడు గనక ఆయన చేతి పని కోసం వెతకమని. "మరి ఎఫెసీ 5:20లో 'సమస్తమునుగూర్చి' అని ఉంది కదా సిస్టర్" అని మీలో కొందరు అడుగుతారు. ఉంది. దాన్ని నేను తీసిపారేయను. కొన్ని బాధల్ని ఏళ్ల తర్వాత వెనక్కి తిరిగి చూసి, దానికి కూడా వందనాలు ప్రభువా అనగలిగిన భక్తులు ఉన్నారు. కానీ అది దేవుడు ఒక మనిషిలో నెమ్మదిగా పండించే ఫలం. పక్కింటివాళ్లు వచ్చి బలవంతంగా కోయాల్సిన కాయ కాదు.

యేసు ప్రభువునే చూడండి. యోహాను 11వ అధ్యాయం, ఆయన స్నేహితుడు లాజరు సమాధి. 35వ వచనంలో ఆయన కన్నీళ్లు విడిచాడు. 41వ వచనంలో కన్నులు పైకెత్తి, "తండ్రీ, నీవు నా మనవి వినినందున నీకు కృతజ్ఞతాస్తుతులు చెల్లించుచున్నాను" అన్నాడు. మధ్యలో ఎంత దూరం? ఆరు వచనాలు. ఆ కన్నీళ్లకు ఆయన తండ్రికి క్షమాపణ చెప్పుకోలేదు. ఏడ్చిన ఆ కళ్లే పైకెత్తి స్తుతించాడు. కాబట్టి ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఎవరైనా ఏడుపు ఆపుకుంటూ వచ్చి ఉంటే, ఆపుకోవద్దు. ఏడుస్తూనే ఈ గుమ్మం దాటొచ్చు.

మనసు కుంగిపోయి మందులు వాడుతున్నవాళ్లు ఉంటే వాళ్లకు కూడా ఒక మాట. మీ విశ్వాసం తక్కువని ఎవరన్నా నమ్మకండి. ప్రవక్త ఏలీయా, తాను చచ్చిపోతే బాగుండునని బదరీవృక్షం కింద పడుకున్నప్పుడు దేవుడు ప్రసంగం చేయలేదు. పడుకోనిచ్చాడు. రొట్టె, నీళ్లు పంపించాడు. మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ తినిపించాడు. డాక్టర్ దగ్గరకు వెళ్లడం, నిద్రపోవడం, తినడం కూడా దేవుని చేతి నుంచి పుచ్చుకునేవే.

ఇంకా లోతుకు వెళ్దాం. ప్రభువు అప్పగింపబడిన రాత్రి. ఇంకొన్ని గంటల్లో తన శరీరం ఏమవుతుందో ఆయనకు తెలుసు. రొట్టె పట్టుకున్నాడు. ఆ రొట్టె తన శరీరమని ఆయనే చెప్పబోతున్నాడు. దాన్ని విరిచేముందు ఏం చేశాడు? "కృతజ్ఞతాస్తుతులు చెల్లించి దాని విరిచి" అని లూకా రాశాడు. ప్రభువు బల్ల దగ్గర ఎన్నిసార్లు విన్నాం ఈ మాట! విరగబోయేదాన్ని చేతిలో పట్టుకుని తండ్రికి వందనాలు చెప్పాడండీ. గ్రీకులో ఆ కృతజ్ఞత అనే మాట "యూఖరిస్తియా". దాని లోపల "ఖారిస్" ఉంది, అంటే కృప. "ఖారా" అంటే ఆనందం, అదీ ఈ కుటుంబంలోని మాటే. కృప, కృతజ్ఞత, ఆనందం, మూడూ ఒకే వేరు నుంచి వచ్చిన కొమ్మలు. కృపను గుర్తుపట్టడమే కృతజ్ఞత. గుర్తుపట్టినప్పుడు లోపల కలిగేది ఆనందం. ఆ ఆనందం ఎంత బలమైనదో హెబ్రీ పత్రిక చెబుతుంది: తన ఎదుట ఉంచబడిన ఆనందం కోసం ఆయన అవమానాన్ని నిర్లక్ష్యపెట్టి సిలువను సహించాడు. సిలువ మోయడానికి మన ప్రభువుకు బలమైంది ఆనందం. మనకు ఇంకో దారి ఉంటుందా?

యాకోబు భార్య లేయా గుర్తుందా? భర్త ప్రేమకు నోచుకోని స్త్రీ. మొదటి ముగ్గురు కొడుకుల పేర్లలో ఆమె బాధ వినిపిస్తుంది. ఇప్పుడైనా నా పెనిమిటి నన్ను ప్రేమిస్తాడు, ఇప్పుడైనా నాతో హత్తుకుంటాడు. ముగ్గురు పుట్టినా ఆమె ఎదురుచూపు తీరలేదు. నాలుగోవాడు పుట్టినప్పుడు ఆమె నోట ఒక కొత్త మాట వచ్చింది: "ఈ సారి యెహోవాను స్తుతించెదను." వాడికి యూదా అని పేరు పెట్టింది. భర్త మారాడని అక్కడ ఎక్కడా రాయలేదు. ఆ యూదా వంశంలోనే దావీదు పుట్టాడు, యేసు ప్రభువు పుట్టాడు. నాకు ఆ "ఈ సారి" అన్న మాట ఎంతో ఇష్టం. మూడుసార్లు కుదరలేదు. ఈసారి స్తుతిస్తాను.

సంఘ చరిత్రలో ఒక మనిషి గురించి కూడా చెప్పాలి. మార్టిన్ రింకార్ట్, జర్మనీలో ఐలెన్‌బుర్గ్ అనే ఊళ్లో దైవసేవకుడు, అంటే పాస్టర్. ఐరోపాలో 1618 నుంచి 1648 వరకు ముప్పై ఏళ్ల యుద్ధం జరిగింది. ఐలెన్‌బుర్గ్ చుట్టూ గోడ ఉండటంతో ప్రాణాలు దక్కుతాయని చుట్టుపక్కల జనం అక్కడికి పరిగెత్తుకొచ్చారు. గోడ లోపల జనం కిక్కిరిసిపోయారు, 1637లో ప్లేగు వ్యాపించింది. గోడ సైన్యాన్ని ఆపగలదేమో గానీ రోగాన్ని ఏం ఆపుతుంది? తోటి సేవకులు పోయారు. సమాధి కార్యక్రమాలన్నీ రింకార్ట్ మీదే పడ్డాయి. ఆ ఏడాది ఆయన నాలుగు వేలకు పైగా మందిని పాతిపెట్టాడని చెబుతారు. వాళ్లలో ఆయన భార్య కూడా ఉంది. ప్లేగు తర్వాత కరువు. ఉన్నదాంట్లో ఇంటికి కాస్త ఉంచుకుని మిగతాది ఆకలితో ఉన్నవాళ్లకు పంచాడు. ఈ మనిషే ఆ యుద్ధ కాలంలో ఒక కృతజ్ఞతా కీర్తన రాశాడు. లోకంలో ఎన్నో భాషల సంఘాలు ఈ రోజుకీ దాన్ని పాడుతున్నాయి. హృదయంతో, నోటితో, చేతులతో దేవునికి వందనాలు చెల్లిద్దామని అది మొదలవుతుంది. చేతులతో! ఎన్నో సమాధుల దగ్గర నిలబడ్డ మనిషి చేతులు అవి. ఆ మాట చదివినప్పుడల్లా నాకు మా వారి చెయ్యి, ఆ గుండీ గుర్తొస్తాయి.

మరి మనం ఇంటికి వెళ్లి ఏం చేయాలి? నేను చేసేది చెబుతాను. పెద్ద పద్ధతేం కాదు. పడుకునేముందు ఆ రోజు దేవుడు చేసినదాన్ని ఒక్కటి పేరు పెట్టి చెబుతాను. "అన్నిటికీ వందనాలు ప్రభువా" అనేయడం తేలిక, కానీ అలా అంటే ఏదీ గుర్తుండదు. 103వ కీర్తనలో దావీదు తన ప్రాణంతోనే మాట్లాడుకుంటాడు, "ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము" అని. తర్వాత వరసగా ఒక్కొక్కటి చెబుతాడు: క్షమించాడు, కుదిర్చాడు, సమాధిలో నుంచి విమోచించాడు. భయం ఎప్పుడూ రేపటి గురించి మాట్లాడుతుంది. కృతజ్ఞత నిన్న జరిగినదాన్ని తెచ్చి ముందు పెడుతుంది. నిన్న నడిపించినవాడు ఎవరో గుర్తుంటే రేపటి ముందు కాళ్లు అంతగా వణకవు. నాకు ఇప్పటికీ కొన్ని రాత్రులు ఏమీ తోచదు. అలాంటప్పుడు సిలువ దగ్గరకు వెళ్తాను. నా పాపాలు క్షమించావు ప్రభువా అంటాను. అది ఏ రోజైనా నిజమే కదా. ఆ ఒక్కదానితో గుమ్మం తెరుచుకుంటుంది.

ఇంకొకటి ఉంది, దీన్ని మనం చదువుతూ దాటేస్తాం. నెహెమ్యా 8:10లో ఆనందించండి అనేముందు ఏమన్నాడో చూడండి: తమకు ఏమీ సిద్ధం చేసుకోనివాళ్లకు "వంతులు పంపించుడి." ఒంటరిగా కూర్చుని ఆనందించమని కాదు. లేనివాళ్ల వాటా లేనివాళ్లకు చేరాలి. 12వ వచనంలో జనం సరిగ్గా అదే చేశారు: తిన్నారు, తాగారు, వంతులు పంపారు, ఎంతో సంతోషించారు, ఎందుకంటే తమకు చెప్పిన మాటలు గ్రహించారు. మేం హాస్పిటల్లో ఉన్నప్పుడు మా సంఘంలో ఒక చెల్లి రోజూ వచ్చి, ఒక్క మాట ఉపదేశం చెప్పకుండా, ఆయన పక్కన గంటసేపు కూర్చునేది. "అక్కా, మీరు వెళ్లి కాసేపు పడుకోండి" అనేది. ఆ గంట నిద్ర నాకొచ్చిన వంతు. ఆ అమ్మాయి ఇప్పుడు మీ మధ్యే కూర్చుని ఉంది, పేరు చెబితే ఇబ్బంది పడుతుంది కాబట్టి చెప్పను.

మా వారి కుడి చెయ్యి ఇప్పటికీ పూర్తిగా రాలేదు. పై గుండీ ఇంకా నేనే పెడతాను. పెట్టేటప్పుడు ఇద్దరం కలిసి స్తోత్రం చెబుతాం.

మనందరం తలలు వంచుదాం. పెద్ద మాటలు వద్దు. ఈ వారంలో మీ కళ్ల ముందు జరిగిన ఒక్క చిన్న మేలును గుర్తు చేసుకుని, దాన్ని పేరు పెట్టి, మెల్లగా మీ నోటితో ప్రభువుకు చెప్పండి. ఏడుపొస్తే రానివ్వండి. ఒక నిమిషం ఆగుతాను, తర్వాత కలిసి ప్రార్థన చేద్దాం.